సారు చీపురు పుల్ల మయోస్కోప్

మా జువాలజీ సారు పోయారని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఉదయగిరిలో ఆయన పక్కింటి మస్తానమ్మ. "కాఫీ తీసుకోని పోతే పలకలా మే. నిద్దర్లోనే పోయినట్టుండాడు," అంది. నేను ఆత్మకూరు బస్టాండు దాటి కాలేజీకి నడుస్తున్నాను. ఏడుపు రాలేదు. ఇక ఆదివారాలు ఏ బస్సు ఎక్కాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

ఆ కాలేజీలో నేను ఇప్పుడు చెప్పే పాఠాలు ఒకప్పుడు ఆయన నాకు చెప్పినవే. సిలబస్‌లో లేని మాట కూడా ఒకటి నేర్పారు: మయోస్కోప్. కండరం ముడుచుకోవడాన్ని కంటికి చూపించే సాధనం. ఏ పాత వైద్య నిఘంటువులో పట్టారో గానీ, తర్వాత నెల్లూరులో ఒకరిద్దరు డాక్టర్లను అడిగితే నన్ను వింతగా చూశారు. మా ల్యాబులో అలాంటిది లేదు కాబట్టి సారే చీపురు పుల్లతో ఒకటి చేశారు. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండే కండ మీద పుల్ల మొదలును మైదా జిగురుతో అంటించి, కొస వెనకాల గ్రాఫ్ కాగితం నిలబెట్టేవారు. కండ కాస్త బిగిస్తే చాలు, కొస గళ్లు దాటేది. ఒకసారి రికార్డు అందంగా ఉంటుందని మూడు గళ్లను ఐదు చేశాను. పేజీ చించేశారు. "చూసింది రాయి మే. అనుకున్నది నీకాడే పెట్టుకో," అన్నారు. వారం రోజులు ఆయన మీద అలిగాను.

రిటైరయ్యాక, భార్య కూడా పోయాక, ఆయన ఉదయగిరిలో ఒక్కరే ఉండేవారు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి ఆదివారాలు వెళ్లేదాన్ని. సేవ అనుకునేరు. నిజానికి ఆత్మకూరులో సెలవు రోజు నాతో మాట్లాడే మనిషి లేదు.

"డాక్టరు ఒకరోజు చెయ్యి వస్తాదంటాడు, ఒకరోజు రాదంటాడు. పుల్ల పెట్టు మే, అదే చెప్తాది," అన్నారు. గళ్లు ఆయన కళ్లకు ఆనేవి కావు. నేనే చూసి చెప్పాలి. ఫ్యాను ఆపి, పుల్ల అంటించి కూర్చునేదాన్ని. ఆయన నుదుటి మీద చెమటలు పట్టేవి. పుల్ల మాత్రం కదిలేది కాదు.

"కదిలిందా?"

"లేదు సార్."

ఐదారు ఆదివారాలు ఇదే మాట చెప్పాను. ఆపైన నావల్ల కాలేదు. "అర గడి కదిలింది సార్," అన్నాను.

"ఈపొద్దు నేను కదిలించాలని చూళ్లా మే. ఊరికే పడుకోనుండాను," అన్నారు. పోల్చి చూసుకోవడానికి ప్రయోగంలో అలాంటి రోజు ఒకటి ఉండాలని మాకు నేర్పింది ఆయనే. తిట్టి ఉంటే బాగుండేది. పుల్ల తీసెయ్యమన్నారు, అంతే.

మళ్లీ అడగలేదు. వానల గురించి, కాలేజీ గురించి మాట్లాడుకునేవాళ్లం. ఒకే గదిలో కూర్చుని కూడా ఎవరికి వాళ్లం ఒంటరిగా ఉండేవాళ్లం. ఆ తప్పు నాదే.

పోయిన ఆదివారం నేనే జిగురు కలిపి పుల్ల అంటించాను. వద్దనలేదు. ఫ్యాను ఆపాను. కాసేపటికి కొస ఒక గడి దాటింది. ఊపిరి బిగబట్టి చూశాను. మళ్లీ దాటింది.

"సార్, కదిలింది. ఒక గడి. నిజంగా సార్," అన్నాను.

ఆయన నవ్వి, ఎడమ చెయ్యి చాపి నా తల నిమిరారు. "సరేలే మే. అన్నం తినిపో, బస్సుకు టైమయితాది," అన్నారు.

ఆ చెయ్యి నా తల మీద ఉన్నంతసేపూ పుల్ల కదులుతూనే ఉంది. ఆయన అటు చూడలేదు.