జూన్‌లో కాలవలో పడే మాస్టారు

పిల్లలు ఏ పనికి పూనుకున్నా "ఆగండాగండి, ముందు నేను!" అని అడ్డం పడటం మాల్యాద్రి మాస్టారికున్న జబ్బు. జబ్బు కాక ఇంకేమనాలి? పిల్లలు కాయ కొరకబోతే ముందు ఆయన కొరికేవారు. గోడ దూకబోతే ముందు ఆయన దూకేవారు. పాలెంలో గోడలన్నీ పొట్టివి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే విడవలూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఆ బడికి ఏటా కొత్త మాస్టారిని వెతుక్కోవాల్సి వచ్చేది.

చెంచులక్ష్మి ఆయన దగ్గర ఐదో తరగతి దాకా చదువుకుంది. ఇప్పటికీ ఆయన పేరెత్తితే ముందు ఫక్కున నవ్వుతుంది, తర్వాత రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతుంది.

ఆ జబ్బు అంటుకున్నది యాభైతొమ్మిది చివర్లో. ప్రపంచంలోని పిల్లలందరికీ హక్కులున్నాయని ఐక్యరాజ్యసమితి ప్రకటించిందట. పాలేనికి పాతబడి చేరిన పేపర్లో మాస్టారు ఆ ముక్క చదివి, గంతేసినంత పని చేశారు.

"విన్నారా! మిమ్మల్ని ప్రమాదాల నుంచి కాపాడాలంట. అది మీ హక్కంట."

"ప్రమాదమంటే ఏంది అయ్యోరా?" అంది చెంచులక్ష్మి.

మాస్టారు డబ్బీ తీసి పొడుం పీల్చారు. "తెలీదు. కనుక్కుంటా" అన్నారు. ఆయన పరిశోధన అలా మొదలైంది.

ముందు అమ్మల్ని అడిగారు. పిల్లలకు ఈ ఊళ్ళో ప్రమాదమేందమ్మా అంటే, మిట్టమధ్యాహ్నం సరుగుడు తోపులో తిరిగే గాలి అని ఒకామె, పక్కింటామె కన్ను అని ఇంకొకామె. పక్కింటామె అక్కడే ఉంది. ఆ రోజు మాస్టారు వాళ్ళిద్దరినీ విడదీసి ఇంటికి చేరేసరికి చొక్కాకు గుండీలు లేవు. చెంచులక్ష్మి వాళ్ళమ్మ గురవమ్మ మాత్రం "నీళ్ళు" అని ఒక్క మాట అనేసి మొహం తిప్పుకుంది. చెంచులక్ష్మి నాయన నరసయ్య సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు.

తర్వాత పిల్లల్ని అడిగారు. "మీకు దేన్ని చూస్తే భయంరా?"

"మీ బెత్తం అయ్యోరా!" క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఆగండాగండి, ముందు నేను" అంటూ మాస్టారు బెత్తం తీసి తన అరచేతి మీదే ఒక్కటి వేసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకోటి వేసుకోబోయి మానుకున్నారు. "ప్రమాదమే" అని తేల్చి, దాన్ని తీసుకుపోయి బడి వెనక సొరపాదుకు ఊతంగా గుచ్చేశారు. ఆ ఏడు సొరకాయలు విరగకాశాయి. పిల్లలు మాత్రం ఆ పాదు దగ్గరికి పోవడానికి చాన్నాళ్ళు జంకారు.

ఇక ఇసకదిబ్బ సంగతి. తాటిమట్ట మీద కూర్చుని దిబ్బ మీంచి కిందికి జారడం పాలెం పిల్లలకు పండగ. మాస్టారు "ముందు నేను" అని పంచె ఎగ్గట్టి కూర్చున్నారు. మట్ట సగం దారిలోనే ఆగిపోయింది, మాస్టారు ఆగలేదు. నేరుగా పోయి రావణాసురుడి మీసాల్లో దిగబడ్డారు. ఇసకలో సూదుల్లా లేచి ఉండే ఆ గడ్డి ముళ్ళు పీకడానికి మాస్టారి భార్య ప్రమీలమ్మకు సాయంత్రమంతా పట్టింది.

"ఎట్టుంది అయ్యోరా? ప్రమాదమా?" అని పిల్లలు వాకిట్లో నిలబడి అడిగారు.

"నాకు ప్రమాదం. మీకు లేదు. పోయి జారండి" అన్నారు మాస్టారు, బోర్లా పడుకునే.

ఊరు నవ్వింది. "ఈయనకు పిల్లలు లెక్కలు నేర్పాల" అన్నాడు పడవ ముత్యాలయ్య. నవ్వే వాళ్ళను చూసి మాస్టారూ నవ్వేవారు.

అరవైలో చెంచులక్ష్మి ఐదు పాసైంది. ఆరుకు పోవాలంటే ఉప్పుకాలవ దాటి విడవలూరు వెళ్ళాలి. గురవమ్మ ససేమిరా అంది.

"ఆయన్ని నీళ్ళే తీసుకుపోయినాయి. పిల్లను నా చేతుల్తో నేను పడవెక్కించనయ్యా. ఇంటిపట్టున ఉండి ఎండుచేపల మీద కాకుల్ని తోలుకుంటది."

మాస్టారు బతిమాలారు, పేపరు చూపించారు, హక్కన్నారు. గురవమ్మ కదల్లేదు. చివరికి ఆయన పిల్లవైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. నీకేది భయం? కాలవేనా?"

చెంచులక్ష్మి కాలిబొటనవేలితో ఇసకలో గీతలు గీసింది. "కాలవ కాదు అయ్యోరా. జన్మంతా ఈడ కాకుల్ని తోలుకుంటా ఉండిపోతానేమోనని."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. "దాన్ని మాత్రం నీకంటే ముందు నేను పరీక్ష చెయ్యలేనే" అన్నారు. తర్వాత లేచారు. "గురవమ్మా, రా. కాలవ దాకా రా. ముందు నేను!"

ఆయన పడవెక్కారు. గురవమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని గట్టు మీద నిలబడింది. పడవ నడిమధ్యకు పోయాక మాస్టారు లేచి నిలబడి, గొడుగు విప్పి, ఉపన్యాసం మొదలెట్టారు. "చూసినావా గురవమ్మా, ఇందులో ప్రమాదమనేది ఏ మాత్రమూ..."

దభీమని శబ్దం. మాస్టారు లేరు. గొడుగొక్కటే తేలుతోంది.

"మునిగిపోతన్నా! గురవమ్మా! పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని ప్రమీలకు చెప్పండి!"

ముత్యాలయ్య బీడీ ముట్టించుకున్నాడు. "అయ్యోరా, ఒకసారి లేచి నిలబడండి."

మాస్టారు లేచి నిలబడ్డారు. నీళ్ళు మొలదాకా వచ్చాయి. ఆయన అటు చూసి, ఇటు చూసి, నీళ్ళకేసి చూసి, "ఇంతేనా?" అన్నారు.

గురవమ్మ నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, గట్టు మీద కూలబడి మరీ నవ్వింది. నాయన పోయాక అమ్మ అలా నవ్వడం చెంచులక్ష్మి చూడటం అదే మొదలు. "ఈ కాలవకా నేను భయపడింది! పోవే, పో, చదువుకో. వానాకాలంలో మాత్రం అయ్యోరు తోడు రావాల."

మాస్టారు ఒడ్డుకొచ్చి, ముత్యాలయ్య చేతిలోంచి డబ్బీ అందుకుని, తాపీగా పొడుం పీల్చారు.

ఆ తర్వాత ఏటా జూన్‌లో ఏదో ఒక అమ్మ గట్టు మీద నిలబడి మొరాయించేది, మాస్టారు కాలవలో పడేవారు. "అయ్యోరు ఈ ఏడు పడినాడా?" "లేదు, రేపు పడతాడంట" అని పాలెంలో తొలకరి గురించి అడిగినట్టు ఒకరినొకరు అడిగేవాళ్ళు. కావాలనే పడుతున్నాడేమోనని ఒక్కరికీ అనుమానం రాలేదు. చెంచులక్ష్మికి మాత్రం ఒకటే సందేహం. నిలువునా తడిసిన మనిషి పొడుం ఎట్లా తడవలేదు?

ఆ ముడి ఒక ఏడు కార్తీక మాసంలో విడిపోయింది. వానలకు కాలవ నిండుగా ఉంది, మాట ఇచ్చినట్టే మాస్టారు తోడొచ్చారు. నడిమధ్యలో చెంచులక్ష్మి పుస్తకాల సంచి జారి నీళ్ళలో పడింది. ఆమె కెవ్వుమనేలోగా మాస్టారు డబ్బీ, కళ్ళజోడు ముత్యాలయ్య చేతిలో పెట్టి దూకేశారు. బారలు వేసుకుంటూ పోయి, సంచి పళ్ళతో కరుచుకుని వచ్చారు.

"అయ్యోరా! మీకు ఈతొచ్చా?"

"మాది పెన్న గట్టమ్మా. నడక కంటే ముందు అదే వచ్చింది."

"మరి జూన్‌లో పడేది?"

మాస్టారు చెవిలో నీళ్ళు దులుపుకున్నారు. "మీ అమ్మది ఉత్త భయం కాదు తల్లీ, దుఃఖం. దానికి నేను పేపరు చదివి వినిపిస్తే లాభమేముంది? ఒకసారి కడుపారా నవ్వితే ఆ కాస్తంత సందులో నువ్వు దాటిపోతావనుకున్నా. ఎవరితో అనబాక. ఇంకా చానా మంది పిల్లలున్నారు."

చెంచులక్ష్మి అనలేదు. చదువుకుంది, ట్రైనింగు అయింది, అరవైతొమ్మిదిలో అదే బడికి పంతులమ్మగా వచ్చింది. మాస్టారు అప్పటికి రిటైరయ్యారు. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ జబ్బు మాత్రం తగ్గలేదు.

ఆ జూన్‌లో నాగులమ్మ వంతు. కూతురి చెయ్యి వదలకుండా గట్టు మీద నిలబడి, చస్తే పంపనంటోంది. మాస్టారు కర్ర పట్టుకుని లేవబోయారు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"కూర్చోండి అయ్యోరా" అంది చెంచులక్ష్మి. "ముందు నేను."

చేతి గడియారం విప్పి ఆయన ఒళ్ళో పెట్టింది. మొదటి జీతంతో కొనుక్కున్న వెంకటగిరి చీర కుచ్చెళ్ళు ఒక్కసారి ముద్దుగా సర్దుకుని, పడవెక్కింది. నడిమధ్యలో లేచి నిలబడింది. "చూసినావా అక్కా, ఇందులో ప్రమాదమనేది..."

దభీమంది కాలవ. "మునిగిపోతన్నా!"

ముత్యాలయ్య బీడీ కోసం చొక్కా జేబు తడుముకున్నాడు. నాగులమ్మ ఒక్క క్షణం బిత్తరపోయింది. మొలలోతు నీళ్ళలో కొత్త చీరతో పంతులమ్మ లేచి నిలబడగానే పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కూతురి చెయ్యి వదిలేసింది.

మాస్టారు గడియారం జాగ్రత్తగా పట్టుకుని పొడుం పీల్చారు. కళ్ళు తుడుచుకుంటూ అది పొడుం ఘాటేనన్నారు.

"పడటం బాగానే పడింది" అన్నారు పక్కనున్న ప్రమీలమ్మతో. "కేక మాత్రం ఇంకాస్త గట్టిగా పెట్టాల. వచ్చే ఏటికి నేర్పిస్తాలే."