వకీల్ సాబ్ తన అన్నను అడగలేకపోయిన మాట

కాప్రా నుంచి పాలు తెచ్చే మనిషి మొన్న పొద్దున క్యాను కింద దించకుండానే చెప్పాడు: "వకీల్ సాబ్ పోయిండు. అన్నం తిని పండుకున్నడంట, మల్ల లేవలే." అమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. మధ్యాహ్నానికి మా వీధిలో సగం మంది కాప్రా దారి పట్టారు.

ఆయన ఒకప్పుడు మోండా మార్కెట్ వెనక మా పక్కింట్లో ఉండేవారు. ఆయన, భార్య, అన్న కుటుంబం, వాళ్ల తల్లి. ఆ పెద్దామెను మేమంతా దాదీ అనేవాళ్లం. దాదీకి చూపు పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగేది. వంటింటి మెట్టు, బావి గట్టు, వంగిన జామకొమ్మ అన్నీ ఆమె చేతికి తెలుసు. మా అమ్మ గోడ మీంచి పిలిస్తే గోడ దాకా వచ్చి మరీ మాట్లాడేది.

ఇల్లు మాత్రం అన్న పేరు మీద ఉండేది. తండ్రి పెద్దకొడుకు పేరున రాసి పోయాడు. బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఉండే హక్కు తల్లికి ఉందని అన్న చేత ఒక దస్తావేజు రాయించాలని వకీల్ సాబ్‌కు ఉండేది. ఒకసారి తల్లి దగ్గర ఆ మాట ఎత్తితే ఆమె నొచ్చుకుంది.

"నా కొడుకు ఇంట్ల నేనుండేతందుకు కాగితం గావాల్నా బేటా?"

ఆయన ఊరుకున్నారు. అన్న నిజంగానే మంచివాడు. తల్లికి అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. అలాంటివాణ్ణి కాగితం అడగడానికి నోరెలా వస్తుంది?

పోలీస్ యాక్షన్ అయ్యాక అన్న కొలువు పోయింది. భయం పట్టుకుంది. భార్య తరఫు వాళ్లు అప్పటికే కరాచీ చేరారు. "జెర హాలత్ మంచిగైతే వాపస్ వస్త. అమ్మి పైలం, మంచిగ జూస్కో" అని తమ్ముడికి చెప్పి భార్యాపిల్లలతో బయల్దేరాడు. తిరిగి రాలేదు. వలసపోయినవాళ్ల ఆస్తులు సర్కారు కిందికి వచ్చే కానూను వచ్చింది. అన్న పేరున ఉన్న ఇల్లు కాబట్టి అదీ పోయింది. ఊరందరి తరఫునా వాదించిన మనిషి తల్లి కోసం వాదించారు. ఆమె హక్కుకు రుజువేదని అధికారులు అడిగారు. చూపించడానికి ఏమీ లేదు.

కాప్రాలో, చెరువుకు దగ్గరగా, రెండు గదుల అద్దె ఇంటికి మారారు. గోడ ఉంటుందనుకుని దాదీ ఖాళీలోకి చెయ్యి చాచి పడింది. మణికట్టు విరిగింది. ఆ తర్వాత మంచం దిగాలన్నా ఎవరినో పిలిచేది. అదే ఇంట్లో, కొడుకు చేతుల్లోనే పోయింది.

అప్పటినుంచి వకీల్ సాబ్ మారిపోయారు. ఎవరు ఏ పని మీద తన దగ్గరికి వెళ్లినా ముందు ఇదే అడిగేవారు: "మీ అమ్మ ఎవల దగ్గర ఉంటది? మంచాన పడితె ఎవలు జూస్తరు? ఖర్చు ఏడికెళ్లి వస్తది?" చాలామందికి కోపం వచ్చేది. మా నాన్నకూ వచ్చింది. అయినా వదల్లేదు. నాన్ననూ చిన్నాన్ననూ నాయనమ్మతో సహా పిలిపించారు. నాయనమ్మను తన కుర్చీలో కూర్చోబెట్టి కొడుకులిద్దరినీ నిలబెట్టారు.

"నేను సచ్చేదాంక సుత ఆగరా ఏంది, వకీల్ సాబ్?" అంది నాయనమ్మ.

"సచ్చినంక సంగతి కాదమ్మా. బతికినన్నాళ్ల సంగతి రాస్తున్న."

ఉర్దూలో రాసిన ప్రతి వాక్యాన్నీ తెలుగులో చదివి వినిపించారు. ఆమె "ఆఁ" అంటేగాని తర్వాతి వాక్యానికి వెళ్లలేదు. నడిమి గది ఆమెది. ముందు దుకాణం కిరాయి ఆమె మందులకు. ఆమెకు తెలివి తప్పితే కొడుకులిద్దరూ కలిసే నిర్ణయించాలి, ఒక్కరు కాదు.

తర్వాత నాన్న, చిన్నాన్న గొడవపడి విడిపోయారు. నాయనమ్మ గది జోలికి మాత్రం ఎవరూ పోలేదు. చాలాకాలం మంచంలో ఉండి కూడా మందుల కోసం ఆమె ఎవరి మొహమూ చూడలేదు. ఆమె పోయాక నాన్న కాప్రా వెళ్లి ఆయన చేతులు పట్టుకున్నాడు. వకీల్ సాబ్ సాసర్లో చల్లారిపోతున్న చాయ్ వైపు చూస్తూ అన్నారట: "మా అన్న చెడ్డోడైతె అడుగుదును. మంచోడని అడగలే. గదే తప్పు జేసిన."

అన్న మీద ఆయన నోటి వెంట ఒక్క చెడ్డమాట ఎవరూ వినలేదు. మొన్న అంత్యక్రియల నాడు ఆయన భార్య మా అమ్మతో చెప్పింది: "నాకేం తక్లీఫ్ గాకుండ అన్నీ రాసిపెట్టిండు. అయినా ఆఖరుదాంక అమ్మి గురించే బాధపడె."

దాదీ చేతి కట్టు విప్పించిన నాటి సంగతి ఒకటి నా మనసులోంచి పోవడం లేదు. దవాఖాన నుంచి జట్కాలో వస్తున్నాం. ఆమె పక్కన నేను సాయంగా కూర్చున్నాను. మార్కెట్ కేకలు వినపడగానే ఆమె తల ఎత్తింది. "ఒక్కపారి మన ఇంటికి తీస్కపో బేటా." వకీల్ సాబ్ జట్కావాడికి మార్కెట్ వెనక సందు చూపించారు. పాత ఇంటి ముందు జట్కా ఆపించారు.

ఆ ఇంట్లో అప్పటికి, దేశం విడిపోయినప్పుడు సింధ్ నుంచి వచ్చిన కుటుంబం ఉంటోంది. తలుపు తీసిన కోడలు సంగతి విని పక్కకు జరిగింది. దాదీ నా చెయ్యి వదిలేసి, గోడ తడుముకుంటూ వంటింటి మెట్టు దిగి, తడబడకుండా పెరట్లోకి వెళ్లింది. అక్కడ మంచం మీద ఆ కోడలి అత్తగారు కూర్చుని ఉంది. ఆమె దాదీని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. సింధ్‌లో వదిలి వచ్చిన తన ఇంటి గురించి చేతులు తిప్పుతూ ఏదో చెప్పసాగింది. దాదీ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి తల ఊపుతోంది.

లోపలికి రమ్మని కోడలు వకీల్ సాబ్‌ను పిలిచింది. ఆయన రాలేదు. తల్లి విడిచిన చెప్పులు చేత్తో పట్టుకుని, గడప అవతల ఎండలో నిలబడి ఉన్నారు.