కానుకల బల్ల మీది మాత్రల సీసా

ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో దగ్గు వచ్చింది. రుమాలు తీస్తే ఎర్రటి మరక. నాకు పాన్ అలవాటు లేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, దేవుని స్వస్థపరిచే శక్తి గురించి మిగతా ప్రసంగం పూర్తిచేశాను. డెబ్బయ్యో దశకంలో, ధర్మాబాద్‌లో చిన్న సంఘానికి కాపరిగా ఉన్న రోజులవి.

ఉతికేటప్పుడు నా భార్య సుగుణ ఆ మరక చూసింది. ముక్కులో నుంచి వచ్చిందన్నాను.

"అబద్ధమాడుడు ఎప్పటిసంది నేర్సిన్రు?" అంది. మర్నాడే నాందేడ్ రైలెక్కించింది.

ఎక్స్‌రే, కఫం పరీక్ష అయ్యాయి. "టీబీ హై, పాద్రీ సాబ్. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐఎన్‌హెచ్ గోలీ. అచ్ఛా లగా తో భీ దవా బంద్ నై కర్నా," అన్నాడు డాక్టరు. బాగున్నట్టు అనిపించినా మందు ఆపొద్దని. మాత్రలు ఏడాదిన్నర వాడాలన్నాడు.

రోగుల తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించేవాడే రోగి అంటే ఎవరు వింటారు? బైబిల్ తరగతులున్నాయని సంఘానికి చెప్పి, రెండు నెలలు నాందేడ్‌లోనే ఉండి ఇంజెక్షన్లు చేయించుకున్నాను. దగ్గు పోయింది, ఒళ్లు చేసింది. తిరిగొచ్చిన ఆదివారమే సాక్ష్యం చెప్పాను.

"నాకు టీబీ అచ్చింది. ప్రభువు తీసేసిండు."

మందుల మాట ఎత్తలేదు. అందరూ స్తోత్రం అన్నారు. ఆ స్తోత్రం నాకు తలకెక్కింది. ఇంకా మాత్రలు మింగితే అవిశ్వాసమే కదా అనుకుని మానేశాను. సుగుణ అడ్డుపడితే, నీకు విశ్వాసం తక్కువని నోరు మూయించాను.

కృతజ్ఞత ఉన్నవాళ్లు కోడినో, జొన్నల మూటనో తెచ్చి కానుకల బల్ల మీద పెట్టడం మా దగ్గర వాడుక. మరుసటి వారం, బీడీలు చుట్టే రాహేలమ్మ కొంగు చాటు నుంచి ఒక సీసా తీసి బల్లమీద పెట్టింది. ఆమెకూ అదే రోగమని అప్పుడే తెలిసింది.

"మీకు అక్కెరలేని గోలీలు నాకెందుకు అయ్యగారు? దేవునికే ఇచ్చేస్తున్న."

నేనూ మందులు వాడానని చెప్పాల్సింది అప్పుడే. అందరూ నావైపే చూస్తున్నారు. ఆమె తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించాను.

వానాకాలంలో నాకు మళ్లీ రక్తం పడింది, ఈసారి దోసెడు. డాక్టరు మండిపడ్డాడు. "ఆప్ అకేలే ఛోడే, కీ ఔర్ భీ కోయీ?" అని అడిగాడు. మందు మానింది నేనొక్కణ్ణేనా, ఇంకెవరైనా ఉన్నారా అని. రాహేలమ్మ సీసా గుర్తొచ్చింది.

లేచి తిరగగలిగిన రోజునే ఆమె బల్లమీద వదిలేసిన ఆ సీసా పట్టుకుని రాహేలమ్మ ఇంటికి పోయాను. చాపమీద ఎముకల గూడై పడుంది.

"అమ్మా, నేను చెప్పింది సగమే. నేను ఇంజెక్షన్లు తీసుకున్న, గోలీలు మింగిన."

నా చేతిలోని సీసా వైపు చూసింది. "గా ముచ్చట గప్పుడే చెప్తే ఏం పోతుండె, అయ్యగారూ?"

ఆమెకు మళ్లీ మందులు మొదలుపెట్టించాం. ఆ క్రిస్మస్ దాకా ఆమె బతకలేదు.

సమాధి చేసిన తర్వాతి ఆదివారం అంతా సంఘం ముందు ఒప్పుకున్నాను. కొన్ని కుటుంబాలు సంఘానికి రావడం మానుకున్నాయి. ఏడాదిన్నరపాటు ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు అందరూ చూస్తుండగా మాత్రలు మింగాను.

ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాను. ప్రతి శనివారం సుగుణ నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థిస్తుంది. ముందు ఒక మాట అడుగుతుంది: "ఈ వారం ఏం దాచిన్రు?"

తోటి కాపరులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు చాలన్నదాకా మందు ఆపకండి, మింగేది నలుగురిలో మింగండి. మిమ్మల్ని చూసి సీసా పక్కన పెట్టేవాళ్లు ఉంటారు.