సుజాతక్క మూడో ఎపిసోడ్

2011. తెలంగాణ ఉద్యమం ఊరూరా నడుస్తున్న రోజులు. జనగామ బస్టాండు దగ్గర నాకు నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. హాల్ టికెట్లు, బయోడేటాల పనితో పాటు పాడ్‌కాస్ట్ పెట్టడం నేర్చుకున్నాను. అంటే మాటలు రికార్డు చేసి, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వినేలా ఇంటర్నెట్‌లో ఉంచడం. ఉద్యమం మీద నా గొంతుతో పది ఎపిసోడ్లు చేశాను. రేడియోలో చదవాలని చిన్నప్పటి కోరిక. ఒక్క ఒత్తు తప్పేవాణ్ని కాదు.

ఒకరోజు జఫర్‌గఢ్ నుంచి సుజాతక్క వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. ఊళ్లో దీక్షా టెంటు కింద కూర్చున్న ఆడవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చింది.

“తమ్మీ, మా ఊరోళ్లు మస్కట్‌ల ఉన్నరు. గీ ముచ్చట్లు ఆళ్లు ఇనేటట్టు పెట్టొస్తదా?”

ఆమె పేరున అకౌంటు తెరిచాను. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకున్నాను. ఫైలు ఎక్కిస్తే సరిపోదని, దాన్ని ఫీడ్‌లో చేర్చాలని చెప్పాను. ఫీడ్ అంటే కొత్త ఎపిసోడ్ వచ్చిందని వినేవాళ్లకు చేరవేసే జాబితా. అందులో లేని ఫైలు ఎవరికీ కనపడదు.

ఆ రికార్డింగుల నిండా లారీ హారన్లు, పిల్లల ఏడుపులు. అయినా ఆమె రెండు ఎపిసోడ్లు విన్నవాళ్లు నా పదింటినీ విన్నవాళ్ల కంటే ఎక్కువయ్యారు. రోజూ ఆ లెక్క తెరిచి చూసుకుని కుళ్లిపోయేవాణ్ని. మూడోది తెచ్చినప్పుడు ఫైలు ఎక్కించాను, ఫీడ్‌లో మాత్రం చేర్చలేదు.

“రాలేదంటున్నరు తమ్మీ, ఏమైంది?”

“నెట్ స్లో ఉందక్కా.”

రెండుసార్లు అదే మాట చెప్పి పంపాను. రెండోసారి నాకోసం సీతాఫలాలు తెచ్చింది.

తర్వాత మస్కట్ నుంచి ఫోనొచ్చింది. అక్క పాడ్‌కాస్ట్ పేజీలో ఉన్నది నా సెంటర్ నంబరే.

“అన్న, మూడో దాంట్ల మా అవ్వ మాట్లాడిందట. ఇంటి పంపకాల కాడ కొట్లాటై యాడాది సంది మాకు మాటల్లేవు. ఫోన్ జేస్తే ఎత్తది. ఆమె గొంతన్న ఇందామని చూస్తున్న.” మళ్లీ తనే అన్నాడు: “మీయి గూడ ఇన్నం. వార్తలు సదివినట్టున్నయ్.”

ఫోన్ పెట్టేసి ఆ ఫైలు మొదటిసారి పూర్తిగా విన్నాను. “కోపం ఉంటే ఉంటదిగని, ఆడు యాదికి రాని పూట లేదు,” అంటోంది అవ్వ, అతని తల్లి. అంతకుముందు చాలాసేపు ఎవరి మాటా లేదు. సుజాతక్క అడిగి, ఊరుకుని, ఆగింది. నా పది ఎపిసోడ్లలో నేను ఇంకొకరిని నోరు తెరవనివ్వలేదు.

ఫీడ్‌లో చేర్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

అక్క వచ్చినప్పుడు జరిగింది చెప్పాను. నా ముఖంలోకి చూసింది.

“రెండుసార్లు మిషన్ బంద్ వెట్టుకొని వచ్చిన తమ్మీ.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “గది ఎట్ల జేస్తరో చూపెట్టు. ఇగ నేనే జేసుకుంట.”

పాస్‌వర్డ్ ఆమెకిచ్చేశాను. గంటలో నేర్చుకుంది. మళ్లీ నా సెంటర్‌కు రాలేదు. కొడుకు అవ్వకు ఫోన్ చేశాడని, ఈసారి ఆమె ఎత్తిందని నాలుగో ఎపిసోడ్‌లో విని తెలుసుకున్నాను. దాన్ని ఎందరు విన్నారో చూస్తే అప్పుడూ కడుపు మండింది.

ఇప్పుడు పాడ్‌కాస్ట్ మొదలుపెడతామని ఎవరొచ్చినా, ముందు పాస్‌వర్డ్ వాళ్లచేతే కొట్టిస్తాను. ఆ కాసేపు తల పక్కకు తిప్పుకుంటాను. ఎంత జాగ్రత్త మనిషివి అంటారు. నా చేతిని నేనే నమ్మనని వాళ్లకు తెలియదు.