విమలక్కకు తెలియనిది

పెన్సిల్ రబ్బరుతో రుద్దుతుంటే కంప్యూటర్‌లోని ర్యామ్ ముక్క అంచు మెరుస్తుంది, సన్నగా ఒక వాసన వస్తుంది. నిన్న పొద్దున ఆఫీసు కంప్యూటర్ ఎంత నొక్కినా ఆన్ కాలేదు. మూత విప్పి, నేల మీద కూర్చుని ఆ పనే చేశాను. రబ్బరు వాసన ఎవరికైనా బడిని గుర్తుచేస్తుంది. నాకు మాత్రం విమలక్క గుర్తొచ్చింది. కంప్యూటర్ ఈ రోజుకీ ఆన్ కాలేదు. ఎందుకో ఇంకా తెలియదు.

విమలక్క బిట్రగుంట రైల్వే క్వార్టర్లలో పెరిగింది. తండ్రి రైలింజన్లు బాగుచేసేవాడు. ఆమె కావలిలో ఒక మందుల షాపు పైగదిలో కంప్యూటర్లు బాగుచేసేది. నలభై దాటిన మనిషి. కొంగు నడుముకు దోపుకుని, పాత ఇడ్లీ రేకు ఒకటి పక్కన పెట్టుకునేది. విప్పిన మరలు ఒక్కో చోటివి ఒక్కో గుంటలో వేసేది. నేను అప్పటికి సముద్రపు ఒడ్డున జువ్వలదిన్నెలో మత్స్యకారుల సంఘం ఆఫీసులో ఆపరేటర్‌గా చేరి ఏడాది. కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా ఆమెకే ఫోన్ చేసేదాన్ని.

ఒకరోజు గాలి ఎక్కువగా ఉంది. వేటకు పోయి ముందురోజు రావలసిన బోటు ఒకటి రాలేదు. అందులో నలుగురు. ఫోన్లు కలవడం లేదు. బోటులో బిగించిన సిగ్నల్ పరికరం నంబరు చెబితే ఎక్కడుందో చూస్తామని తీర పోలీసులు అన్నారు. ఆ నంబరు నేనే కంప్యూటర్‌లో ఎక్కించాను. కాగితం మీద రాసుకోలేదు. కంప్యూటర్ బటన్ నొక్కితే చిన్న చప్పుడు కూడా లేదు.

విమలక్క ఆటోలో వచ్చింది. "ఆఖరుసారి ఎప్పుడు పనిచేసింది మే?" అని అడిగింది. "నిన్న సాయంత్రం అక్కా. బాగానే ఆపి ఇంటికి పోయినా." ఆమె టెస్టర్ తీసి గోడ ప్లగ్గు చూసింది. కరెంటుంది. కేబుల్ మార్చింది. లేదు. లోపలి సప్లై డబ్బాను విడదీసి, దాని ఆకుపచ్చ వైరుకూ నల్ల వైరుకూ మధ్య పేపర్ క్లిప్పు వంచి పెట్టింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"వచ్చేసిందక్కా!" అని అరిచాను.

"రాలా. కరెంటిచ్చే డబ్బా బాగుందని తెలిసింది, అంతే."

బోటులో ఉన్న ఒకాయన భార్య పోలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "దీంట్లో వాళ్లు కనపడతారా అమ్మా?" అని అడిగింది. నేను ఆమెకు కుర్చీ జరిపాను.

అక్క డబ్బాను మళ్లీ తగిలించి, బటన్ పాడైందేమోనని దాని వైరు పీకేసి, బోర్డు మీది రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో తాకించింది. లేదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టింది. లేదు. బిళ్ల బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టింది. లేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చేది. నొక్కి, ఆగి చూసేది. ఆ నిదానం నన్ను పిచ్చెక్కించింది.

"ఏమైందో చెప్పక్కా!"

"తెలీలా."

"తెలీలా అంటే ఎట్లా? అక్కడ మనుషులు నీళ్లలో ఉండారు!"

ఆమె తలెత్తి చూసింది. "అందుకే చెప్తుండా. తెలిసినట్టు మాట్లాడితే పొద్దుగూకేదాకా దీని ముందరే కూర్చుంటాం. మనకి కంప్యూటర్ కావాల్నా, నంబర్ కావాల్నా?"

ఫైళ్లన్నీ ఉండే హార్డ్ డిస్క్ ఊడదీసి తువ్వాలులో చుట్టి, వీధి చివరి జిరాక్స్ షాపుకు నడిచింది. అక్కడి కంప్యూటర్‌కు తగిలించింది. నా ఫైలు తెరుచుకుంది. నంబరు తీర పోలీసులకు ఫోన్‌లో రెండుసార్లు చదివాను. మధ్యాహ్నానికి బోటు జాడ దొరికింది. ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతోందట. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. నలుగురూ పగిలిన పెదాలతో దిగారు. పోలమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని అక్కడే ఇసుకలో కూలబడిపోయింది.

మేం ఆఫీసుకు తిరిగొచ్చాం. అక్క డిస్క్ బిగించి, పీకిన వైర్లు తగిలించి, ఊరికే బటన్ నొక్కింది. కంప్యూటర్ ఆన్ అయింది.

"ఏం చేసినావక్కా?"

"నువ్వు చూసిందే." మూడుసార్లు ఆపి వేసింది. మూడుసార్లూ వచ్చింది. ఉప్పుగాలికి ఎక్కడో చిలుము పట్టి, కదిలించినందుకు వదిలిందేమోనని నాకు తోచింది. ఆమె అదీ అనలేదు. రిపేరు కాగితంలో "కారణం తెలియలేదు. మళ్లీ ఆగవచ్చు. నంబర్లు కాగితం మీద కూడా ఉంచుకోండి" అని రాసి సంతకం పెట్టింది.

మర్నాడు సంఘం అధ్యక్షుడు ఆ కాగితం చదివి ముఖం చిట్లించాడు. "కారణం తెలీనామెను ఎందుకు పిలిచినాం?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు పక్కనే ఉండావు గదా. ఆమెకు పని వచ్చా, రాదా?" అని అడిగాడు. నేను కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాను. నలుగురిని ఒడ్డుకు చేర్చిన మనిషి గురించి నా నోట ఒక్క మాట రాలేదు. ఆ నెలలోనే మా ఆఫీసు రిపేరు పని ఇంకొకరికి ఇచ్చారు.

రెండు వారాలు గడిచాయి. ఒక ఆదివారం కావలి పోయి, మెట్లెక్కి, జరిగినదంతా విమలక్కకు చెప్పాను. "ఎందుకు మాట్లాడలా?" అని అడిగింది. ఉద్యోగం పోతుందన్న భయమా అంటే అదీ కాదు. ఆమె మీద అరిచినందుకు సిగ్గా అంటే, అదీ సరిపోలేదు.

"తెలీదక్కా," అన్నాను.

ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది. "నాకు బాధేసింది మే," అంది. అంతే అంది. తర్వాత స్టూలు నావైపు జరిపి, బల్ల మీదున్న చెడిపోయిన కంప్యూటర్ చూపించింది. "కూర్చో. విప్పు. మళ్లీ నా కోసం ఎదురుచూసే పని పెట్టుకోవద్దు."

ఏడాది పాటు ఆదివారాలు అట్లా నేర్పింది. క్షమించిందో లేదో ఎప్పుడూ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు చాలలేదు. కిందటేడు జబ్బు చేసి పోయింది. బోటు రాని రోజు ఆ కంప్యూటర్ ఎందుకు ఆగిందో, ఎందుకు వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. అధ్యక్షుడి ముందు నా నోరెందుకు పెగల్లేదో అంతకన్నా తెలియదు. కంప్యూటర్‌నైతే ఒక్కొక్కటే మార్చి, మళ్లీ నొక్కి చూడొచ్చు. ఆ రోజును మళ్లీ తెచ్చుకోలేను. ఇప్పుడు ఎవరి పని గురించి ఎవరడిగినా, నేను చూసింది చూసినట్టు చెబుతున్నాను.