వెనక్కి పోయే పడవ

నేను బడి మొహం చూడలేదు. పొద్దున్నే దేవుడు రామయ్యకు దీపం పెట్టి, పొయ్యి ముందు కూర్చోబెట్టి అమ్మే చదువు చెప్పింది. అది రామయ్య ఇచ్చిన చదువనే ఇప్పటికీ అనుకుంట. మా గూడెంలో అంగన్‌వాడీ టీచర్ పోస్టు పడుతదని, పది పాసైనోళ్లకే ఇస్తరని తెలిసి, ఆ ఏడే ప్రైవేటుగా పరీక్ష రాద్దామని బూర్గంపాడులో ట్యూషన్‌కు పోయిన.

ఆ సార్ కిటికీలోంచి గోదావరి కనిపించేది. ఆయన ఒక్కనాడు అటు చూసిన పాపాన పోలేదు. పడవ లెక్కలకు ఆయన దగ్గర ఒకటే పాట: "వాలుకు కలుపు, ఎదురుకు తీసెయ్." నెమరేసే బర్రెకైనా గడ్డి రుచి తెలుస్తది.

ఒకనాడు సొంతంగా ఒక లెక్క తయారుచేసి ఇచ్చిండు. నిలకడ నీళ్లలో పడవ వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు, ప్రవాహం వేగం ఆరు. ఎదురుగా పది కిలోమీటర్లు పోను ఎంతసేపు? అందరూ ఆరులోంచి నాలుగు తీసి, అయిదు గంటలని రాసిన్రు. ఈ పడవ ఎదురు పోదు, వెనక్కి కొట్టుకపోతదని నేను రాసిన.

"ఏందమ్మా ఇది?"

"నాలుగులోంచి ఆరు తీస్తే మైనస్ రెండు సార్. వరదల తెడ్డు వేసినా పడవ కిందికే పోతది, రేవు కాడ చూస్తనే ఉంటం."

"ఎప్పుడైనా పెద్దదాంట్లకెంచి చిన్నది తీయాలె. ఇంట్ల సదివితే గిట్లనే ఉంటది. నీ లెక్కన ఎగువన పర్ణశాలకు పోయేటోళ్లు సముద్రంల తేలాలె!"

అందరూ పకపకా నవ్విన్రు. ఆయన తుమ్మినా నవ్వేటోళ్లే.

తన దగ్గర ఎవరూ ఫెయిల్ కారని చెప్పుకునే మనిషి. అమ్మను పిలిపించిండు. "మీ బిడ్డకు లెక్కలు రావమ్మా. ఈ ఏడు పరీక్ష వద్దు, వచ్చే ఏడు చూద్దాం." వచ్చే ఏటికి ఆ పోస్టు ఎవరికో పోతది. ఇంటికొచ్చినంక అమ్మ లెక్క చెప్పించుకొని విన్నది.

"గంత వరదల పడవ ఎవడు విడుస్తడే? రేవుల కట్టేసుకోక! జల్దీ తయారుకా. పరీక్ష ఫీజు మనమే పోయి కడదాం."

రామయ్య దయ, అమ్మ దయ. లెక్కలతో సహా పాసైన. పోస్టు వచ్చింది.

తర్వాత ఒకసారి బస్టాండులో సార్ ఎదురైండు. పక్కనున్నాయనకు నన్ను చూపించి, "మా స్టూడెంటే. లెక్కల్ల మొద్దు, నేనే దారికి తెచ్చిన" అన్నడు.

అవ్ సార్ అని దండం పెట్టిన. గురువుకు దండం పెట్టాలని అమ్మ నేర్పింది గనుక. అమ్మ నేర్పకపోతే ఆ పూట నా చేతులు లేచేవి కావు.