క్రూయిజర్ వెనక సీటు

రెండేళ్లయినా ఆ షోరూం గుర్తొస్తే నాకు వెగటుగానే ఉంటుంది.

మా ఆవిడది ఏళ్ల తరబడి వంగి మిరపకాయలు కోసిన నడుం. వారానికి రెండుసార్లు అద్దంకిలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. నా పాత బండి గుంతలో పడ్డప్పుడల్లా వెనక నుంచి ఆమె మూలుగు వినపడేది. ఆమె కోసమే కొత్త బండి అని అందరికీ చెప్పాను. క్రూయిజర్ బైకు మీద కోరిక నాకు ఇరవయ్యేళ్లుగా ఉందని మాత్రం చెప్పలేదు.

చీరాల షోరూంకి నేనూ మా బావమరిదీ వెళ్లాం. మా వైపు బండి చూడ్డానికి మగాళ్లే వెళతారు. ఇంజన్ పెద్దది, ధర మాకు అందేదే. స్టార్ట్ చేయగానే ఆ దుగదుగ శబ్దానికి నాకు మతిపోయింది. బావమరిదిని ఎక్కించుకుని బైపాస్ మీద ఒక రౌండు వేశాను. వాడు అటో కాలు ఇటో కాలు వేసి దర్జాగా కూర్చుని, "సోఫా అనుకో బావా, అక్క హాయిగా నిద్రపోద్ది" అన్నాడు. నేను నమ్మేశాను, సిగ్గులేని వెధవని. మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ చీరలో పక్కకు తిరిగే కూర్చుంటుందని ఇద్దరిలో ఒక్కడికీ గుర్తు రాలేదు.

బుక్ చేసే ముందు చూపిద్దామని మర్నాడు ఆమెను తీసుకెళ్లాను. వెనక సీటు ఇరుకు, పైగా వెనక్కి వాలి ఉంది. పక్కకు కూర్చుంటే కాళ్లు పెట్టుకునే చోటే లేదు. "లుక్ పోద్దని శారీ గార్డు తీసేశాం మేడమ్. అటూ ఇటూ కాళ్లేసి కూర్చోండి, ఇప్పుడందరూ అంతే" అని నవ్వాడు సేల్స్ కుర్రాడు. వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. కొట్టకపోగా నేనూ ఇకిలించాను.

ఆమె పక్కకే తిరిగి ఎక్కి కూర్చుంది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే జారి, నా చొక్కా పట్టుకుని ఆగింది. "కాస్త మెల్లగా పోనివ్వండి" అంది. నేనప్పుడు గేర్లు ఎంత మెత్తగా పడుతున్నాయో చూసుకుంటున్నాను.

షోరూం ముందు దిగి, నడుం పట్టుకుని నిలబడింది. పెదవి కొరుక్కున్నట్టుంది, ఎర్రగా ఉంది. బండి వైపు చూడలేదు, నా ముఖంలోకి చూసింది. నా కక్కుర్తి అక్కడ కనపడే ఉంటుంది.

"బాగుందండి, తీసుకోండి. నేను ఆటోలో వెళ్తాలే" అంది.

ఛీ, ఏం మనిషినో నేను. ఆ మాటకు నాకు బాధ కలగలేదు, ప్రాణం లేచొచ్చింది.

నలుపు తీసుకుందామా, నీలం తీసుకుందామా అని ఆమెనే అడిగాను.